కావేరి ఒడ్డున రాగిముద్ద ఎర

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు భీమేశ్వరి అంటే ఆఫీసు టీమ్ ఔటింగ్. జిప్‌లైన్, కయాకింగ్, సాయంత్రం చలిమంట. కనకపుర, హలగూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. నేను వెళ్లింది మాత్రం వేరే పని మీద. ఒకప్పుడు ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం గాలాలు పట్టుకుని వచ్చి ఇక్కడ రోజుల తరబడి మకాం వేసేవాళ్లు. ఆ డబ్బు ఈ ఊళ్లలో ఎవరి చేతికి వెళ్లేదో తెలుసుకోవాలని ఎప్పటినుంచో కుతూహలం. నేనూ గాలం వేసేవాణ్నే. కాకపోతే చెరువు గట్టున కూర్చుని బెండు వంక చూసే రకం. చేప పడితే కూర, లేకపోతే ఇంట్లో తిట్లు.

ముత్తత్తి దాటాక కావేరి బాగా కనిపిస్తుంది. పైన శివనసముద్రం, కింద మేకెదాటు, మధ్యలో బండరాళ్లు, మడుగులు, రెండువైపులా అడవి. ఈ మడుగుల్లోనే మహసీర్ అనే పెద్ద నది చేప ఉండేది. అందులోనూ మూపు ఉబ్బెత్తుగా, రెక్కలు నారింజ రంగులో ఉండే రకం కావేరి, దాని ఉపనదుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1946లో, చచ్చిన జంతువుల్ని బొమ్మల్లా భద్రపరిచే మైసూరు వాన్ ఇంగెన్ సోదరుల్లో ఒకాయన కావేరి ఉపనది కబినిలో 120 పౌండ్లది, అంటే 54 కిలోలది, గాలంతో పట్టాడు. తర్వాత ఈ చేపలు లేనట్టేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1970ల చివర్లో కొందరు ఇంగ్లీషువాళ్లు వచ్చి పెద్ద చేపలు ఇంకా ఉన్నాయని చూపించారు. అక్కడి నుంచి ఈ రేవులకు గిరాకీ మొదలైంది.

అప్పట్లో గైడుగా పనిచేసిన ఒక పెద్దాయన దగ్గరకు స్నేహితుడొకడు తీసుకెళ్లాడు. నాది బెంగళూరు కన్నడం. "యజమాన్రే" అని మొదలుపెట్టి సగం సైగలతో నెట్టుకొచ్చాను. ఎర గురించి అడిగేసరికి ఆయన ముఖం వెలిగింది. రాగిపిండిని గట్టిగా కలిపి, వాసనకు సోంపులాంటివి దట్టించి, ఉండలు చేసి ఉడకబెడతారట. రబ్బరులా సాగాలి. లేకపోతే ప్రవాహంలో చిన్న చేపలు పొడిచి పొడిచి కరిగించేస్తాయి. ఖాళీ చేతులతోనే ఉండ చుట్టి, కొక్కెం మొన మాత్రం బయటికి వచ్చేలా బొటనవేలితో ఎలా నొక్కాలో చూపించాడు. చూపుడువేలి మీద అడ్డంగా ఒక పాత గాటు ఉంది. చేప పరుగెత్తుతుంటే తీగను చేత్తో ఆపబోయినప్పటిది. మా అనంతపురం వైపు రాగిసంగటి తిని పెరిగినవాణ్ని కదా, అంత పెద్ద చేపకూ అదే తిండి అంటే ఎందుకో ఆనందమేసింది.

డబ్బు సంగతికొస్తే, ఆయన లెక్క సూటిగా ఉంది. దొంగచాటుగా నీళ్లలో తోటా పేల్చి చంపితే ఆ చేపకు కిలో లెక్కన ఒక్కసారే డబ్బు. గాలానికి పడ్డదాన్ని తూకం వేసి, ఫొటో తీసి, తిరిగి నీళ్లలో వదిలేస్తే మళ్లీ ఇంకొకడికి పడుతుంది. గాలం వేసే మనిషి ఒకడు వస్తే పుట్టి నడిపేవాడికి, గైడుకి, వంటవాడికి, రాత్రి కాపలావాడికి కూలి. చేప పెద్దదైతే పైన బక్షీసు. తోటాలు పేల్చడం తెలిసినవాళ్లనే పిలిచి కాపలాకు పెట్టారు. ఏ మడుగులో చేప ఉంటుందో, దొంగ ఏ దారిన వస్తాడో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు!

మన కృష్ణా గోదావరుల దగ్గర ఇలాంటి ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. మనకు చేప అంటే టన్నుల లెక్కే.

ఇదంతా 2012 నాటికి ఆగిపోయింది. ఈ రేవులు కావేరి అభయారణ్యంలో ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం జంతువును పట్టుకోవడమూ వేటే, వదిలేసినా సరే. చట్టాన్ని తప్పుపట్టలేను. జింకను పట్టి వదిలేస్తామంటే ఒప్పుకుంటామా? కానీ నిషేధంతో పాటు కాపలా కూలీ కూడా పోయింది, ఆ జాగాలో ఇంకేదీ పెట్టలేదు. ఆ తర్వాత రాత్రిళ్లు మళ్లీ తోటాల చప్పుళ్లు వినిపించాయని పెద్దాయన అన్నాడు. ఇప్పుడు జిప్‌లైన్ల దగ్గరా ఉద్యోగాలున్నాయి. వాటికి కుర్రాళ్లు కావాలి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కావాలి. నది గుట్టు తెలిసిన అరవై ఏళ్లవాడితో వాళ్లకేం పని? ఆయన రాగి పండించుకుంటున్నాడు, మేకలు కాస్తున్నాడు.

గాలాలవాళ్లంతా పుణ్యాత్ములని కూడా చెప్పను. చేపలు పెరగాలని లోనావాలా హేచరీ నుంచి నీలిరెక్కల మహసీర్ పిల్లల్ని తెచ్చి ఈ నదిలో వదిలారు. అవి విపరీతంగా పెరిగాయి, అసలు మూపు మహసీర్ వెనకబడిపోయింది. ఈ సంగతి బయటపడింది కూడా ఈ నది ఒడ్డునే ఉన్న గాలిబోరె గాలాల క్యాంపులో 1998 నుంచి 2012 వరకు పట్టిన ప్రతి చేపనూ రాసిపెట్టిన పుస్తకాల వల్లే. అందులో మొత్తం చేపల సంఖ్య పెరుగుతూ వచ్చింది, మూపు చేప మాత్రం తగ్గుతూ పోయింది. 2018లో దానికి టోర్ రెమదేవియై అనే శాస్త్రీయ నామం ఖాయమైంది, అదే ఏడు అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాబితాలోనూ చేరింది. గాలాలు ఆగిపోయాక ఆ పుస్తకంలో రాసేవాళ్లు లేరు.

మళ్లీ గాలాలకు అనుమతిస్తే వెళతారా అని అడిగాను. "ముందు కాపలా పెట్టమనండి సార్, గాలాలు తర్వాత" అన్నాడు. కాపలాకి డబ్బు ఎవరిస్తారంటే, గాలాలవాళ్లే కదా అన్నాడు. మాట మళ్లీ మొదటికొచ్చింది. చీకటి పడేలోపు ఫారెస్టు చెక్‌పోస్టు దాటాలి కాబట్టి అక్కడితో లేచాం.