డిస్క్ చుట్టూ ఖాళీ లేదు

ల్యాబ్ ప్లేటులో, ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఉన్న చిన్న డిస్క్ అంచు దాకా కాండిడా ఆరిస్ అనే ఫంగస్ పెరిగిపోయి ఉంది. మందు పనిచేస్తే చుట్టూ ఖాళీ వలయం కనపడాలి. అసలు లేదు. ప్లేటు చూడగానే టెన్షన్ మొదలైంది.

శాంపిల్స్‌లోని ఫంగస్ జన్యువులను పోల్చి చూసే టైపింగ్ రిపోర్టూ ఇవాళే వచ్చింది. ఇద్దరు పేషెంట్ల శాంపిల్స్‌లో దాదాపు ఒకే ఫంగస్! అంటే ఒకరి నుంచి ఇంకొకరికి పాకినట్టే. మంచం రైలింగో, బీపీ పట్టీయో... ఇది వాటి మీద వారాల తరబడి బతకగలదు.

2009లో జపాన్‌లో ఒక పేషెంటు చెవిలో దొరికిందని దీని గురించి మొదటిసారి రాశారు. జన్యువులు చదివితే, వేర్వేరు ఖండాల్లో వేర్వేరు వంశాలు ఇంచుమించు ఒకే కాలంలో తలెత్తాయని తేలింది. నాకు అన్నిటికన్నా భయం వేసేది అదే.

ఫంగస్‌కు మన దగ్గరున్న మందుల రకాలే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలో ఎకైనోక్యాండిన్ అనే రకం మందుకు మాత్రం ఇది లొంగుతోంది. వెంటనే వార్డుకు ఫోన్ చేసి చెప్పాను.