పృచ్ఛకుడు లేని అవధానం

యంత్రమే పద్యం అల్లిపెడుతున్నప్పుడు ఇక కవి ఎందుకన్న ప్రశ్న ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. దీన్ని తేల్చుకోవడానికి మన అష్టావధానం కంటే తగిన చోటు నాకు కనిపించదు. అవధాని కాగితం, కలం లేకుండా, పృచ్ఛకులు (ప్రశ్నలడిగేవాళ్లు) ఇచ్చిన సమస్యను, దత్తపదిని (పద్యంలో ఇమడ్చాల్సిన పదాలను), వర్ణనను ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక్కో పాదం చొప్పున పూరిస్తూ, నడుమ దృష్టి మళ్లించే అప్రస్తుత ప్రసంగానికి బదులిస్తూ, చివరికి పద్యాలన్నింటినీ ధారణ చేసి, అంటే గుర్తుంచుకుని, అప్పగించే ఈ ప్రక్రియలో, కవిత్వం పుట్టే క్షణం సభ మొత్తానికీ కనిపిస్తుంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా ఊళ్లూ సంస్థానాలూ తిరిగి దీనికి తెచ్చిన ప్రతిష్ఠ ఇంకా చెక్కుచెదరలేదు.

నిషిద్ధాక్షరినే తీసుకుందాం. సాధారణంగా కందపద్యంలో సాగే ఈ అంశంలో అవధాని ఒక్కో అక్షరమే చెబుతూ ఉంటే, రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి నిషేధిస్తాడు. అవధాని ‘శ్రీ’ అన్నాడనుకుందాం. ‘శ్రీరామ’ అనబోతున్నాడని పసిగట్టిన పృచ్ఛకుడు రకారం వద్దంటాడు. అవధాని ‘వా’ అంటాడు. రెండో అక్షరం ప్రాసస్థానం, అంటే అన్ని పాదాల్లోనూ ఒకే హల్లు రావాల్సిన చోటు, కాబట్టి, ఆ ఒక్క నిషేధంతో నాలుగు పాదాలకూ వకార ప్రాస ఖాయమైపోయింది. ఇప్పుడు ‘శ్రీవాణి’ రాబోతోందని ణకారానికి అడ్డం పడితే, అవధాని ‘గ్దే’ అని ‘శ్రీవాగ్దేవి’ని పిలుచుకుంటాడు. అడ్డుపడిన వాడు లేకపోతే ఈ పద్యం ఇలా పుట్టేది కాదు, అందుకే ఇందులో పృచ్ఛకుడికీ పాలు ఉందని నేను నమ్ముతాను.

పద్యాలల్లే ఆ యంత్రాలు, అంటే భాషా నమూనాలు, ఇక్కడ తడబడడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. మనకు ‘గ్దే’ ఒక్కటే అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో అది గకారం, పొల్లు, దకారం, ఏత్వం అనే 4 సంకేతాలు. పైగా నమూనా పాఠాన్ని తనకు అనువైన తునకలుగా కోసుకుంటుంది, ఆ తునకలు మన అక్షరాల హద్దులను పాటించవు. ఉత్పలమాల అడిగితే పాదానికి 20 అక్షరాల లెక్క తప్పడం, 10వ అక్షరం దగ్గర యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి) కుదరకపోవడం నేను చూశాను. అయినా ఈ లోపం మీద నా వాదనను నిలబెట్టను. ఛందస్సును సరిచూసే సాఫ్ట్‌వేర్ మనకు ముందునుంచీ ఉంది, దాన్ని జతచేస్తే రేపో మాపో గణాలు కుదురుతాయి.

నా బెంగంతా పృచ్ఛకుల గురించే. యతిభంగమైతే ఆ పాదం దగ్గరే ఆపగలిగిన వాడు, అసంబద్ధంగా తోచే పాదాన్ని సమస్యగా ఇచ్చి అర్థవంతమైన పూరణను రాబట్టగలిగిన వాడు ఎదురుగా ఉంటేనే అవధాని శక్తి బయటపడుతుంది. దత్తపదిలో కారు, బస్సు, లారీ ఇచ్చి మహాభారతార్థంలో చెప్పమంటే, ‘కారు’ను ‘కారుచీకటి’లో దాచిన చమత్కారానికి ముందుగా చప్పట్లు కొట్టేది ఆ పదాన్ని ఇచ్చిన వాడే. అలా నిలదీసే వాళ్లు, మెచ్చుకునే వాళ్లు తగ్గిపోతే, గణాలు తప్పిన పద్యం కూడా వాట్సాప్‌లో అద్భుతమనిపించుకుంటూ తిరుగుతుంది, నిజంగా మంచి పద్యం రాసిన మనిషి దాని పక్కనే పలకరించే వారు లేక ఉండిపోతాడు. ఉన్నత పాఠశాల తెలుగులో ఛందస్సు ఉన్నా, పిల్లలు గణవిభజన చేసి మార్కులు తెచ్చుకోవడమే తప్ప, ఒక్క కందపాదమైనా సొంతంగా కట్టే అవకాశం వారికి అరుదుగా దొరుకుతోంది.

తెలుగు ఉపాధ్యాయులకు నా విన్నపం ఇదే. తరగతిలో ఒకరిని అవధానిగా, మరొకరిని పృచ్ఛకుడిగా కూర్చోబెట్టి నిషిద్ధాక్షరి ఒక్క పాదమైనా ఆడించండి. యంత్రం ఇచ్చిన పద్యాన్నే నల్లబల్ల మీద రాసి, యతి ఎక్కడ తప్పిందో, అన్వయం ఎక్కడ కుదరలేదో పిల్లల చేతే చెప్పించి, ఆ పాదాన్ని వాళ్లనే తిరగరాయమనండి.