మండని పొయ్యి, మండిపోయిన నేను

నిన్న సాయంత్రం మా పెద్ద పొయ్యి మళ్ళీ నీలంగా మండింది. నాలో మంట మాత్రం ఇంకా చల్లారలేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా పెరటి రేకుల షెడ్డులో పిండివంటలు చేసి అమ్ముతాను. 19 కిలోల కమర్షియల్ గ్యాసు బండ, హై ప్రెషర్ రెగ్యులేటరు, మూడు కాళ్ళ ఇనప పొయ్యి, ఇదీ నా సరంజామా. ఐదు నెలలుగా మూలన పడి ఉన్న పొయ్యిని సంక్రాంతి ఆర్డర్ల కోసం గురువారం బయటికి తీసి ముట్టించాను. మంట పసుప్పచ్చగా, నీరసంగా లేచింది. నూనె సరిగా కాగక మొదటి వాయి అరిసెలన్నీ నూనె తాగేశాయి. బాణలి అడుగున వేలితో పేరు రాయగలిగేంత మసి.

బండ నుంచి పొయ్యికి వచ్చే రబ్బరు పైపుకు సబ్బు నురగ రాసి చూశాను, బుడగ లేదు, అంటే లీకు లేదు. బండను కాటా మీద పెట్టించి, దాని మీద రాసి ఉన్న ఖాళీ బరువు తీసేసి చూశాను, గ్యాసు దండిగా ఉంది.

అక్కడితో ఆగక గ్యాసు ఏజెన్సీకి వెళ్ళడమే నా తప్పు. కౌంటరులోని కుర్రవాడు నా మాట పూర్తి కాకముందే, "ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరా అమ్మా?" అన్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరవై రెండేళ్ళుగా పాకం చూస్తున్నాను, వేలు పెట్టకుండా ఉండపాకం చెప్పగలను. ఆ క్షణంలో మాత్రం నోట మాట రాలేదు. "చలికాలం కదా, బండ చల్లబడుతుంది, గోనె కప్పండి" అని సెలవిచ్చాడు. గ్యాసు గబగబా లాగితే బండ చల్లబడి ఒత్తిడి తగ్గే మాట నిజమే. కానీ అప్పుడు ముట్టించగానే బాగా మండి, గంట గడిచాక తగ్గాలి. బండ అడుగున చెమట పట్టాలి. నా బండ పొడిగా ఉంది, మంట మొదటి నిమిషం నుంచే పసుపు. పైగా గోనె కప్పితే బయటి వెచ్చదనం కూడా బండకు అందదు. ఇదంతా ఇంటికి వచ్చే దారిలో, ఆటోలో తోచింది. అక్కడ మాత్రం తల ఊపి, వాళ్ళు చూపించిన కొత్త రెగ్యులేటరు 900 రూపాయలు పోసి కొనుక్కుని వచ్చాను. మంటలో వెంట్రుకవాసి తేడా లేదు.

మర్నాడు వచ్చిన మెకానిక్కు ఇత్తడి జెట్టులో, అంటే గ్యాసు చిమ్మే సన్నటి రంధ్రంలో, సూది పెట్టి తిప్పాడు. మెత్తటి ఇత్తడి, రంధ్రం పెద్దదైంది. పసుపు ఇంకా పెరిగి, మంట వెనక్కి వచ్చి బర్నరు గొట్టం మూతి దగ్గరే అంటుకుంది. పరుగెత్తి బండ కట్టేశాను. పొయ్యి పాతదైపోయిందని తేల్చి, 300 పుచ్చుకుని వెళ్ళిపోయాడు. దయచేసి జెట్టులో సూది పెట్టనివ్వకండి.

ఆ రాత్రి పొయ్యి ముందు కూర్చుని ఆలోచించాను. మంట పసుపైతే గాలి చాలడం లేదన్నమాట. జెట్టు నుంచి దూకే గ్యాసే పక్క రంధ్రాల్లోంచి గాలిని లాక్కుని గొట్టంలోకి వెళ్ళాలి. గొట్టమే మూసుకుపోతే? బర్నరు విప్పి ఒక చివర టార్చి వేసి, రెండో చివర కన్ను పెట్టాను. వెలుతురు రాలేదు.

వంచిన తీగతో లాగితే బొటనవేలంత ఎండిన మట్టిగూడు రాలింది. కందిరీగ పని. చిదిపితే లోపల కాళ్ళు ముడుచుకుని ఎండిపోయిన సాలీళ్ళు, ఆరో ఏడో. భ్రమరం తన గూట్లో పెట్టిన పురుగు భ్రమరంగానే మారుతుందని, దాన్నే భ్రమరకీటక న్యాయం అంటారని మా నాన్నగారు చెబుతుండేవారు. ఆ భ్రమరం మా పొయ్యిలోనే కాపురం పెట్టింది! ఇంతమంది నిపుణుల్లో ఒక్కరైనా ఆ గొట్టంలోకి తొంగి చూడలేదు.

సీసాలు కడిగే బ్రష్షుతో గొట్టం శుభ్రం చేశాను. వన్‌టౌన్‌లో అదే కొలత జెట్టు 30 రూపాయలకు దొరికింది. బిగించి ముట్టించగానే బుస్సుమని నీలి మంట.

ఈసారి పొయ్యి అటక ఎక్కించేటప్పుడు గొట్టం మూతికి గుడ్డ కడతాను. రెగ్యులేటరు వాపసు తీసుకోరట, డబ్బాలోనే ఉంది, ఎవరికైనా కావాలంటే సగం ధరకు ఇచ్చేస్తాను. ఆ ఏజెన్సీ కుర్రవాడికి తప్ప. బియ్యం నాని ఉంటాయి, వడగట్టాలి, వెళ్తున్నాను.