‘ఆరెంజ్’ నాకెందుకు ఇష్టమంటే

2010 నవంబరులో రామ్ చరణ్ సినిమా ‘ఆరెంజ్’ వచ్చినప్పుడు సమీక్షలు పెదవి విరిచాయి. డబ్బులూ రాలేదు. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం అందరికీ నచ్చాయి. నాకు కథే ఎక్కువ నచ్చింది. ప్రేమ జీవితాంతం ఒకేలా ఉండదని నమ్మే కుర్రాడు. ఒక్క అబద్ధం ఆడితే అమ్మాయి దక్కుతుందని తెలిసీ ఆడడు. మన సినిమాల్లో అలాంటి హీరోలు ఎంతమంది? రెండో సగం సాగిందంటారు. ఆ సాగదీతలోనే నాకు వాడి మొండితనం అర్థమైంది.

విశాఖ ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని, ముంత మసాలా అయిపోయేదాకా మా అక్కతో దీని గురించి వాదించేదాన్ని.

“ప్రేమ మీద నమ్మకం లేనోడు హీరో ఏంటే?”

“నమ్మకం లేక కాదక్కా, నటించలేక.”

తను ఇప్పటికీ ఒప్పుకోదు.

అదే ఏడాది వచ్చిన ‘ఖలేజా’ కూడా నాకు ప్రాణం. ఊరంతా తనని దేవుడంటున్నా, హీరో అయిన టాక్సీ డ్రైవర్ మాత్రం కాదంటాడు. నవ్విస్తూనే దేవుడంటే సాయం చేసే మనిషేనని చెప్పించారు త్రివిక్రమ్. 2023లో ‘ఆరెంజ్’, 2025లో ‘ఖలేజా’ మళ్ళీ విడుదలైతే జనం హాళ్ళలో కేరింతలు కొట్టారు. ఆనాటి విమర్శకుల మీద నాకు కోపం లేదు. ఉదయం ఆట చూసి మధ్యాహ్నానికల్లా తీర్పు రాయాలి వాళ్ళు. నాకా తొందర లేదు. అలాగే అప్పట్లో ఆడని సుకుమార్ సినిమా ‘1 నేనొక్కడినే’ మా జగదాంబ థియేటర్లో మళ్ళీ వేస్తే మొదటి టికెట్ నాదే.