నాలుగు గోడలకు నాలుగు రకాల పని

మా ఇంటి బయటి గోడలకు సెడార్ చెక్క పలకలు. పెయింట్ లేదు, చెక్క గీతలు కనపడేలా ఆయిల్ స్టెయిన్ (రంగు కలిపిన నూనె పూత) మాత్రమే. అది వెలిసిపోయిందని పనివాళ్లను పిలిస్తే, వచ్చి చూసినవాళ్లంతా ఒకే మాట చెప్పారు: "ప్రెషర్ వాషర్‌తో (నీళ్లను ఒత్తిడితో చిమ్మే మెషీన్) కొట్టేసి, మొత్తం ఒక కోటింగ్ లాగించేద్దాం." నాకది మింగుడుపడలేదు. పడమటి గోడ బూడిద రంగుకు తిరిగి, చేత్తో రుద్దితే పీచు రాలుతోంది. ఎండ తగలని వెనక గోడ రంగు బాగానే ఉంది గానీ నల్లగా బూజు పట్టింది. చూరు కింద పలకలకు ఏమీ కాలేదు. నేల దగ్గరి వరుసల మీద మాత్రం వాన నీళ్లు చిమ్మి మచ్చలు మచ్చలు. ఇన్నింటికీ ఒకే మందేమిటి? నేనే చేసుకుందామని దిగాను.

ముందు తేల్చుకోవాల్సింది పాత పూత చెక్కలోకి ఇంకే రకమా, పైన పొర కట్టే రకమా అన్నది. గోడలకు ఇంకే రకమే వేశారు. గుమ్మం చుట్టూ మాత్రం ఎవరో వార్నిష్ పూశారు, అది పొలుసులుగా లేస్తోంది. లేచే పొర మీద ఏది వేసినా దానితోపాటే ఊడిపోతుంది కాబట్టి అక్కడ పాత పూతను మెత్తబరిచే స్ట్రిప్పర్ పూసి గీకక తప్పలేదు. విసుగు పుట్టించే పని, అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అసలు పని కడగడంలో ఉంది. చెక్క పోగులను పట్టి ఉంచేది లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని తినేస్తే పై పోగులు వదులై, వానకు కొట్టుకుపోయి, బూడిద రంగు మిగులుతుంది. ఆ వదులు పోగులు పోకుండా పూత నిలవదు. అలాగని ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే, గీతల మధ్య మెత్తటి భాగం లేచిపోయి చెక్క గాట్లు పడుతుంది, పైగా పలకల సందుల్లోంచి నీళ్లు గోడ లోపలికి పోతాయి. నేను సోడియం పెర్‌కార్బొనేట్ అనే ఆక్సిజన్ బ్లీచ్ పొడిని నీళ్లలో కలిపి, చారలు పడకుండా కింది నుంచి పైకి పూశాను. ఆరిపోకుండా ఓ పావుగంట తడిగా ఉంచి, మెత్తటి బ్రష్షుతో చెక్క గీతల వెంబడి రుద్ది, పైపు నీళ్లతో పై నుంచి కిందికి కడిగాను. బూజు, బూడిద రంగు రెండూ పోయాయి.

కానీ చెక్క నల్లబడింది. దాంతో కాస్త టెన్షన్ పడ్డాను గానీ, అది ఆ మందులోని క్షారగుణం వల్లే. దానికి విరుగుడు ఆగ్జాలిక్ ఆసిడ్. మేకుల కింద ఎప్పటినుంచో కాటుక కారినట్టు నల్లటి చారలు ఉండేవి. సెడార్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం, మేకుల ఇనుము తడిలో కలిసి పుట్టించిన మరకలవి. ఆసిడ్ నీళ్లు తగిలాక అవి చూస్తుండగానే పలచబడి, కింద తేనె రంగు చెక్క బయటపడింది. అయితే ఆ ఆసిడ్ విషం. గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాల్సిందే, మొక్కల్ని ముందే తడిపి పట్టా కప్పాలి. తుప్పు మేకులు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి కొట్టాను, లేకపోతే మరకలు మళ్లీ మొదలవుతాయి.

తర్వాత ఆరడం కోసం ఎదురుచూపు. తేమ మీటర్ 15 శాతం కన్నా తక్కువ చూపించేదాకా స్టెయిన్ డబ్బా మూత తీయలేదు. పడమటి గోడ చకచకా ఆరింది, వెనక గోడ ఓపికను పరీక్షించింది. ఆరాక లేచిన పీచు మీద 80 నంబరు సాండ్‌పేపర్‌తో ఒక చెయ్యి వేశాను. ఇంకా నున్నగా చేస్తే చెక్క ఆయిల్‌ని సరిగా పీల్చుకోదు. సెడార్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకోవాలి.

సాయానికి వచ్చినతను ప్రతి సందులోనూ సీలెంట్ కొట్టేస్తానన్నాడు. మూలల్లో, కిటికీల చుట్టూ సరే గానీ పలక మీద పలక కూర్చునే కింది సందులు మూయొద్దన్నాను. లోపలికి చేరిన నీళ్లు బయటికి రావడానికి ఉన్న దారి అదే.

స్టెయిన్ సగం పారదర్శకంగా ఉండేది తీసుకున్నాను. అందులోని రంగు పొడే ఎండను ఆపేది. రంగు లేని ఆయిల్ చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండ ముందు నిలబడదు. డబ్బాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపేశాను, గోడ మధ్యలో రంగు మారకుండా. అడుగున దిగే పొడిని తరచూ కలుపుతూ, ఎండ వెళ్లిపోయిన గోడ మీదే పని పెట్టుకుంటూ, రెండు మూడు పలకల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆపకుండా లాగాను. మధ్యలో ఆగితే ఆ చోట గీత పడుతుంది. పలకల కోసిన కొనలు నీళ్లు ఎక్కువ తాగుతాయి, వాటికి బ్రష్షు ముంచి ముంచి పట్టించాను. పడమటి గోడ రెండో పూత అడిగింది. వెనక గోడకు ఒక్కటి కూడా ఎక్కువే అయింది, ఇంకనిది గుడ్డతో తుడిచేశాను.

ఆ ఆయిల్ గుడ్డలు కుప్పగా వదలకండి. ఆయిల్ గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే నిప్పు అంటించకుండానే అంటుకుంటాయి. నేను బయట విడివిడిగా పరిచి, గట్టిపడ్డాకే పారేశాను.

ఇప్పుడు ఏడాదికోసారి గోడ మీద నీళ్లు చిలకరించి చూస్తాను. బొట్లుగా నిలిస్తే సరే, ఇంకిపోతే పూతకు వేళయినట్టు. ఆ వంతు ముందుగా పడమటి గోడకే వస్తుంది, వెనక గోడకు బూజు కడిగితే చాలు. అందుకని మిగిలిన స్టెయిన్‌ని చిన్న డబ్బాలో దాదాపు అంచుదాకా పోసి, మూత మీద రంగు పేరు, వేసిన తేదీ రాసి దాచాను.