‘ఈజీ’ అని నొక్కినందుకు

పొద్దున 5:40. డాబా మీద వాటర్ ట్యాంకు పైపు పట్టుకుని ఉన్నాను. మూడో సెట్‌లో ఎనిమిదో బస్కీకి కిందికి దిగాను గానీ పైకి లేవడం కుదరలేదు. ఫోన్లో వ్యాయామం యాప్ ఆవిడ మాత్రం హుషారుగా ‘ఫోర్ మోర్’ అంటోంది. మొక్కలకు నీళ్లు పట్టడానికి వచ్చిన వాచ్‌మన్ "ఏమన్నా పడిపోయిందా సార్, వెతకాలా?" అన్నాడు. ఏం లేదన్నాను, అలాగే కూర్చుని.

తప్పు యాప్‌ది కాదు. మూడు వారాల కింద ఫోన్లో వేసుకున్నప్పుడే అన్నీ అడిగింది. వయసు, బరువు, వారానికి ఎన్ని రోజులు, మోకాళ్ల నొప్పులున్నాయా, ఇంట్లో ఏ సామాన్లున్నాయి అని. వయసు 47 అని నిజమే చెప్పాను. దాన్ని 220లోంచి తీసేసి నా గుండె గరిష్ఠ వేగం 173 అని తేల్చింది. అందరికీ అదే లెక్క. బీపీ మందుల్లో కొన్ని గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అలాంటివి వాడే మా బావగారికి ఈ లెక్క ఎందుకూ పనికిరాదు.

‘అనుభవం’ అన్నచోట ‘బిగినర్’ నొక్కడానికి మనసొప్పలేదు. ‘ఇంటర్మీడియట్’ నొక్కాను. నేను చివరిసారి ఒళ్లు వంచి కబడ్డీ ఆడింది ఇంటర్మీడియట్‌లోనే కాబట్టి పూర్తిగా అబద్ధం కూడా కాదు.

అసలు అబద్ధాలు తర్వాత మొదలయ్యాయి. రోజూ వ్యాయామం అయ్యాక ‘ఎలా ఉంది?’ అని అడుగుతుంది. నేను రొప్పుతూనే ‘ఈజీ’ నొక్కేవాణ్ని. అది నమ్మేది. ఎనిమిది కాస్తా పదైంది, పది పన్నెండైంది, రెండు సెట్లు మూడయ్యాయి. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడం పాతకాలపు వ్యాయామశాలల్లో, అదే తాలింఖానాల్లో కూడా ఉన్నదే. కాకపోతే అక్కడ ఉస్తాద్ ఎదురుగా నిలబడి చూస్తుంటాడు. మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు "ఎలా ఉందిరా?" అని ఒక్కనాడూ అడగలేదు. తొడలు వణకడం చూసి ఆయనే విజిల్ ఊదేవారు.

కాఫీ ఇస్తూ మా ఆవిడ అంది, "మొన్న సిలిండర్ మార్చమంటే నడుం పట్టేసిందన్నారు కదండీ?" గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ ఇంకో 15, 16. యాప్ డంబెల్స్ ఉన్నాయా, బెంచీ ఉందా అని అడిగింది గానీ సిలిండర్ సంగతి అడగలేదు.

ఆఫీసుకి వెళ్తూ మెట్రో దిగాక మెట్లు పక్కకు తిరిగి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్కటే దిగాను. వెనకాల వస్తున్న పెద్దావిడ "మెల్లగా బాబూ" అని ఆగి దారిచ్చింది.

రాత్రి పడుకోబోతూ చూస్తే పొద్దుటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఈసారి ‘చాలా కష్టం’ నొక్కాను. క్షణంలో మార్చేసింది. రెండు సెట్లు, ఎనిమిదేసి, అదీ కుర్చీలో కూర్చుని లేవడం. ఇన్నాళ్లూ ఈజీ అన్నావు కదా అని దెప్పలేదు. ఇంట్లో అయితే వారం పాటు వినాల్సి వచ్చేది.

రేపు రెస్ట్ డే అట. గ్యాస్ మెసేజ్ కూడా వచ్చింది. సిలిండర్ రేపే.