కొమ్ము పూసలు, రాగి తీగ: లోలాకుల పని ఎంతవరకు వచ్చిందంటే

వానాకాలం మొదట్లో

ఒడిశాలోని పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో దువ్వెనలు, బొమ్మలు చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఓ ఇంట్లో మిగిలిన ముక్కలు అడిగి, నునుపు చేయించి, బెజ్జాలు వేయించుకున్నాను. వాటిని తీగలో బిగించి లోలాకులు చేయాలి, అదీ టంకం లేకుండా. 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన కటక్ తారకసి అనే వెండి తీగల నగిషీ పనిలో తీగలను టంకంతో అతుకుతారు. నాకు అంత సరంజామా లేదు, వంపులూ చుట్లతోనే నిలబెట్టాలి.

తీగ కొనేటప్పుడు మందం చెప్పే గేజ్ నంబరు కాదు, మిల్లీమీటర్లు అడగండి. 20 గేజ్ బ్రిటిష్ లెక్కలో 0.91 మి.మీ., అమెరికన్ లెక్కలో 0.81. చాలా వీడియోల్లో చెప్పేది రెండోది, మోటార్లకు తీగ చుట్టే ఇక్కడి వైండింగ్ షాపుల్లో ఇచ్చేది మొదటిది. బెజ్జం సన్నగా ఉంటే ఆ కాస్త తేడాకే పూస ఎక్కదు.

వైండింగ్ తీగకు ఇనామిల్ పూత ఉంటుంది. సన్నటి చుట్లకు అది మంచిదే, రంగు మారదు. సుత్తితో కొడితే మాత్రం పూత పగులుతుంది, మంట మీద పెడితే పాడు పొగ. అందుకే ఫ్రేములకు పాత ఇంటి వైరింగ్‌లో తీసేసిన ఒంటి తీగ రాగి వైరు ఒలిచి వాడుతున్నా.

శ్రావణంలో

చేతికి అసలు సంగతి ఇప్పుడు పట్టుబడింది. రాగిని వంచేకొద్దీ గట్టిపడుతుంది. ఒకే చోట అటూ ఇటూ తిప్పితే పుటుక్కున విరుగుతుంది. గ్యాస్ మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. పట్టిన నలుపు చింతపండు పులుసుతో పోతుంది, ఇత్తడి బిందెలు తోమే ఇంట్లో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆకారం వచ్చాక ఇనుప దిమ్మ మీద చిన్న దెబ్బలు వేస్తే మళ్లీ బిగుస్తుంది. కొమ్ము వేడికి ఆగదు, కాలిన వెంట్రుకల వాసన కొడుతుంది. కాబట్టి కాల్చడం, తోమడం, కొట్టడం అన్నీ అయ్యాకే పూస ఎక్కించాలి.

రింగుల కొలతకు చిన్న లెక్క ఉంది: తీగ చుట్టే కడ్డీ మందానికి తీగ మందం కలిపి 3.14తో గుణించాలి. 6 మి.మీ. కడ్డీ, 1 మి.మీ. తీగ అయితే దాదాపు 22 మి.మీ. ముక్క కావాలి. ఎలక్ట్రీషియన్ ప్లయర్‌కు పళ్లుంటాయి, తీగ మీద గాట్లు పడతాయి. దవడలకు టేపు చుట్టండి.

దసరా ముందు

మొదటి జత చూసి వదిన, "రాగి కదా, చెమట తగిలితే చిలుం పట్టదూ?" అంది. పడుతుంది. ఫ్రేముకు రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేశాను. చెవిలో దూరే కొక్కేనికి మాత్రం రాగి వద్దనుకున్నా. కంసాలి దగ్గర వెండి తీగను కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే బెజ్జాల పలకలో) 0.8 మి.మీ.కి తీయించాను. కొసను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, బుగ్గకు ఆనించి చూస్తున్నా. గీరుకుంటే మళ్లీ రుద్దడమే.

పూసలకు చుక్క కొబ్బరినూనె రాస్తే నిగారింపు వచ్చింది. అయితే పాలిష్ ఆరాకే నూనె రాయాలి, ముందే రాస్తే పాలిష్ అంటదు.

ఇప్పుడు 0.45 మి.మీ. తీగతో చుట్లు దగ్గరగా వేయడం సాధన చేస్తున్నా. ఎడమ చెవి లోలాకు కుడిదానికి అద్దంలో బొమ్మలా రావడం ఇంకా కుదరలేదు. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో చుట్టు మార్చి మార్చి వేస్తున్నా.